మంచుగంట కింద దొరికింది

సోలాంజ్, నేనమ్మా, మీ వదినని. ఫోనులో ఈ ఎర్రచుక్క నొక్కి మాట్లాడితే నీకు చేరుతుందని రొట్టెల బండావిడ చూపించింది. రాయడం నాకెప్పుడూ రాలేదు, నీకు తెలిసిందే. మధ్యలో మాట ఆగితే పొయ్యిలో కట్టె ఎగదోస్తున్నా అనుకో.

ఆదివారం వెర్నాద్‌లో గుడి బురుజు మీదికి గంట ఎక్కిస్తున్నారు గదా. నువ్వు మీ సైకిలు జట్టుతో మెట్ట మీది దారినే వస్తానన్నావంట. ఆ దారిన రావద్దు తల్లీ. అది చెప్పడానికే ఇదంతా. మొగుడు పోయి ముసలిదానికి మతి చెడిందని ఊళ్ళో అంటున్నారు. నువ్వూ అనుకో, నాకేం బాధ లేదు. కానీ మొత్తం విన్నాక అనుకో.

పోయిన అక్టోబరు. గొర్రెలు కొట్టాల్లోకి దిగాక ఏటా మేమిద్దరం సైకిళ్ళేసుకుని మెట్ట మీది పాత ఊళ్ళన్నీ చుట్టొస్తాం గదా. పెళ్ళైన కాణ్ణించీ అదే మాకు పండగ. మీ అన్నకి ఆ పాత ఇనప సైకిలే. నాకు మోకాళ్ళు పోయాక బ్యాటరీది కొనిపెట్టాడు. కొన్న రోజునుంచీ ఎగతాళే.

"నువ్వు తొక్కట్లేదే మొద్దూ, బస్సులో కూచున్నావు. టిక్కెట్టు తీసుకున్నావా?" అనేవాడు.

ఎత్తు మీద ఆయన రొప్పుతుంటే నేను పక్కనించి పోతూ, "తోసిపెట్టమంటావా ముసలోడా?" అనేదాన్ని. దానికి బూతులు తిట్టేవాడు. మీ ఉర్బాన్ అన్న తిట్లు నీకు కొత్తా!

ఆ రోజు మధ్యాహ్నం కోటగోడ ఊళ్ళో ఆగాం. గోడ నీడన కూచుని రొట్టె, గొర్రెపాల చీజు తిన్నాం. చెరో గ్లాసు వైను తాగాం. ఎండ బాగుంది. రాళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. మీ అన్న బూట్లిప్పి కాళ్ళు చాపుకుని, "చచ్చిపోతే ఇట్టాంటి రోజే పోవాలే" అన్నాడు. నోరు మూసుకోమన్నా. అంతే, మామూలుగా అనే మాటే అది.

మాకిద్దరికీ ఒక గుర్తుంది. మలుపుల్లో ఆయన ముందుపోతాడు. దారి బాగుంటే సైకిలు బెల్లు రెండుసార్లు కొడతాడు. రా అని. నేను ఒక్కసారి కొడతా. వస్తున్నా అని. ఆ బెల్లు మర ఎప్పుడో ఊడిపోతే రాగితీగతో చుట్టి కట్టాడు. కొత్తది కొనుక్కోరా నాయనా అంటే వినడు. "దీని గొంతు నీకు తెలుసు, కొత్తదాని గొంతు నీకేం తెలుసు?" అనేవాడు.

వెర్నాద్ వైపు మెట్ట ఎక్కాం. అక్కడ చెట్లుండవు గదా. రాళ్ళగోడలు, ముళ్ళు, పిల్లి ఉచ్చకంపు కొట్టే ఆ పొదలు. ఏటి లోయలోంచి మంచు లేచింది. పాలు పొంగొచ్చినట్టు అంచు మీదికొచ్చి, ఒక్క నిమిషంలో మా మీద పడింది. పొద్దింకా ఉంది, కానీ నా సైకిలు ముందుచక్రం నాకే కనపళ్ళా. ఊపిరి తీస్తే తడిసున్నం వాసన.

అప్పుడే నా వెనకచక్రానికి రాయి కోసుకుని గాలి పోయింది.

"ఇదిగో, బస్సు ఆగిపోయింది. దిగండమ్మా దిగండి" అన్నాడు మీ అన్న. నవ్వుతూనే అన్నాడు.

అప్పుడు గంట మోగింది.

దూరంగా... ఒక్క దెబ్బ. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక్క దెబ్బ.

మీ నాన్న మంచుగంట మోగించేవాడు గదా వెర్నాద్ గుడిలో. మంచు కమ్మినప్పుడల్లా, గొర్రెలకాపరి ఎవడైనా మెట్ట మీద చిక్కుకుంటే ఇటు రమ్మని. గంట వినపడితే అటే నడు, ఆగి ఆలోచించొద్దు. మీ ఇద్దరికీ ఉగ్గుపాలతో పోశాడు ఆ మాట. మెట్ట మీద పుట్టినవాడెవడైనా అంతే, వింటే కాళ్ళు వాటంతటవే తిరుగుతాయి.

నేను మీ అన్న చెయ్యి పట్టుకున్నా.

"గంటెక్కడుంది? బురుజు కూలుతుందని మీరే గదా ట్రాక్టరు కట్టి దాన్ని దించింది. గుడిలో నేలమీద బోర్లించి ఉంది."

"ఎవరో మోగిస్తున్నారుగా."

"నేలమీదున్నదాన్ని ఎట్టా మోగిస్తారు?"

ఆయన చెవి అటేసి నిలబడ్డాడు. ముఖం చంటిపిల్లాడిలాగుంది సోలాంజ్. మళ్ళీ ఒక్క దెబ్బ. చాలాసేపు గ్యాపు.

"విను" అన్నాడు గొంతు తగ్గించి. "మధ్యలో ఆ గ్యాపు చూశావా? భుజం నొప్పి ఆయనకి. మా నాన్న చెయ్యి అది."

మీ నాన్న పోయి ఎన్నేళ్ళైందో నీకు తెలుసు.

"వెళ్ళొద్దు" అన్నా.

"ఇక్కడే ఉండు. గోడ వదలొద్దు. నేను పోయి చూసి బెల్లు కొడతా, అప్పుడు రా" అన్నాడు. సైకిలు నడిపించుకుంటూ పోయాడు. చైను చప్పుడు కాసేపు వినపడింది. తర్వాత అదీ లేదు.

గంట ఆగిపోయింది.

నేను గోడ మీద చెయ్యేసి నిలబడ్డా. రాయి తడిగా, చల్లగా ఉంది. మంచు చప్పుడు చెయ్యదంటారు గానీ చేస్తుంది. గొర్రెలు ఊపిరి తీసినట్టు... చుట్టూ.

అప్పుడు బెల్లు. రెండుసార్లు. రాగితీగ బెల్లే. దాని గొంతు నాకు తెలుసు.

ప్రాణం లేచొచ్చింది. ఒకసారి కొట్టా. వస్తున్నా అని. సైకిలు అక్కడే పడేసి గోడ పట్టుకుని నడిచా. గోడ అయిపోయింది. అయినా నడిచా. మళ్ళీ రెండుసార్లు కొట్టాడు. ఈసారి దగ్గర్లోనే. కానీ... కిందనించి.

పాదాలకి గాలి తగిలింది. చల్లటి గాలి, నేలలోంచి పైకొస్తోంది. మూసిపెట్టిన నేలమాళిగ వాసన. ఆ వాసన తెలియనిదాన్నా! మెట్ట మీద చచ్చిన గొర్రెల్ని పడేసేవాళ్ళు గదా, ఆ అడుగులేని బిలం.

ఆగిపోయా.

"ఉర్బాన్?"

"రా, ఫిలోమెన్..."

గొంతు ఆయనదే. గుసగుసగా.

"దారి బాగుంది. రా."

సోలాంజ్, పెళ్ళైన కాణ్ణించీ మీ అన్న నన్ను పేరుపెట్టి పిలవలేదు. మొద్దూ అంటాడు. గాడిదా అంటాడు. కోపమొస్తే మహారాణీ అంటాడు. ఫిలోమెన్ అని ఒక్కనాడు... ఒక్కనాడూ అన్లేదు.

నేనక్కడే కూలబడ్డా. రెండు చేతుల్తో గడ్డి పట్టుకున్నా. పిలుస్తూనే ఉంది. పలకలేదు. ఎంతసేపో తెలీదు. మంచు విడిచేసరికి నా మడమల పక్కనే నేల లేదు. నల్లగా నోరు తెరుచుకునుంది.

మర్నాడు తాళ్ళేసి మీ అన్నని పైకి తీశారు. మెడ విరిగింది. పడగానే పోయాడమ్మా, ఒక్క ఊపిరి కూడా తీసుండడు, బాధపళ్ళేదు అన్నాడు డాక్టరు. నన్నోదార్చడానికే అన్నాడు. మరి నన్ను పిలిచిందెవరు? ఆ మాట ఎవర్నడిగినా నా భుజం తట్టి కాఫీ పోసిచ్చారు. గంట ఊళ్ళో ఎవ్వరూ వినలేదంట. సైకిలు పెద్దగా చెడలేదు. బెల్లు మాత్రం లేదు. రాగితీగ కూడా లేదు. తెగితే ముక్కైనా ఉండాలిగా.

ఇప్పుడు ఆయన పేరుమీద బురుజు కట్టి గంట మళ్ళీ ఎక్కిస్తున్నారు. గంటుంటే ఉర్బాన్ బతికేవాడు అంటున్నారు. నువ్వూ అదే అన్నావు. మంచి మనసుతోనే అన్నావు. కానీ గంట వినే పోయాడమ్మా మీ అన్న.

నిన్న గంటని యంత్రంతో లేపారు. నన్నూ పిలిచారు, చూడమని. అది దించిన రోజునుంచీ అంగుళం కదల్లేదు, నలుగురు మగాళ్ళు పట్టినా కదలదు. చుట్టూ బూజు, పావురాల రెట్ట. పైకి లేస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆపేశారు.

కింద నేలమీద బెల్లుంది.

రాతిపని రెనో వంగి తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మా... ఇది మీ ఆయనది కాదూ?" అన్నాడు. రాగితీగ అట్టానే చుట్టి ఉంది, మీ అన్న చుట్టినట్టే, ఎడమచేతి వాటంగా. చుట్టూ నేలంతా పొడిదుమ్ము. బెల్లు మాత్రం తడిగా ఉంది. రెనో చొక్కాతో తుడిచి ఇచ్చాడు. ఇంటికొచ్చేసరికి మళ్ళీ తడి. వాసన చూశా. నేలమాళిగ వాసన.

అందుకే చెప్తున్నా. కింద తార్న్ ఏటి దారినే రా. చుట్టైనా సరే. మీ జట్టువాళ్ళు నవ్వితే నవ్వనీ. మంచొస్తే ఉన్నచోటే కూచో. గంట వినపడితే... మీ నాన్న గంట కొట్టే తీరు నీకూ తెలుసు. ఆ చెయ్యేనని తెలిస్తే ఇంకా గట్టిగా కూచో. గడ్డి పట్టుకో. పేరుపెట్టి ఎవరు పిలిచినా లేవొద్దు.

ఇక్కడా మంచు దిగుతోంది. కిటికీలోంచి కొట్టం కనపట్టం లేదు. నా సైకిలు అందులోనే ఉంది, ఆ రోజునుంచీ ముట్టుకోలేదు, చక్రానికి గాలి కూడా కొట్టించలేదు. తలుపుకి బయట గొళ్ళెం పెట్టా.

బెల్లు నా ముందే ఉంది, బల్ల మీద. దాన్నే చూస్తూ మాట్లాడుతున్నా నీతో. కదల్లేదు. నేను ముట్టుకోలేదు.

...

విన్నావా?

బయట. రెండుసార్లు.

బల్ల మీదున్నది కదల్లేదు సోలాంజ్, ఒట్టు. చూస్తూనే ఉన్నా. నేను పలకను. పలకను గాక పలకను. ఇక్కడే కూచుంటా, పొయ్యి ఉంది, కట్టెలున్నాయి, నువ్వు ఆదివారం వచ్చేదాకా...

ఉండు.

కొట్టంలో... నా సైకిలు బెల్లు.

ఒక్కసారి కొట్టింది.