ఓటమి పలకరింపు

ఎన్నికల్లో ఓడిపోయినట్టు ఫలితాలు వచ్చి వారం గడిచింది. అయినా శ్రీకాకుళంలోని తీరసీమ పార్టీ ఆఫీసులో ఓటర్లందరూ ఆ పార్టీ తెడ్డు గుర్తుకే ఓటేశామని చెబుతూనే ఉన్నారు. సమీక్షకు కూర్చున్న పెద్దలకు ఏమీ పాలుపోలేదు.

ఎదురుగా ఉన్న మాటగోడ మీద ఇంటికో దీపం వెలుగుతోంది. దీపాన్ని తాకితే ఆ ఇంటి మనిషి నీడగొంతు పలుకుతుంది. యంత్రమే గానీ, ఏళ్ల తరబడి ఆ మనిషి మాటలు విని, ఇష్టాయిష్టాలు ఒంటబట్టించుకుని, అచ్చం ఆ మనిషిలాగే జవాబిస్తుంది. నీడగొంతులు వచ్చాక ఏ పార్టీవాడూ ఏ గడపా తొక్కడం లేదు. ఓటు మాత్రం ఇంకా మనుషులే వేస్తున్నారు. ఆ పాత చట్టాన్ని మార్చే ఓపిక ఎవరికీ లేకపోయింది.

"చూశారుగా అక్కా, మీ మీద ప్రేమ పిసరంత కూడా తగ్గలేదు" అన్నాడు కార్యదర్శి సుగుణాకర్. "మరి తప్పు మన నినాదానిదే అయ్యుండాలి. 'తీరం తీరంవాళ్లదే' అన్న మాట వదిలేద్దాం. రేవు కంపెనీలతో రాజీ పడదాం. తీర్మానం సిద్ధం. మీరు వేలిముద్ర వేస్తే సాయంత్రం ప్రకటిస్తాను."

అధ్యక్షురాలు నూకరత్నం పార్టీ పెట్టిందే ఆ మాట కోసం. వేలు చాపింది గానీ, ముద్ర వేయలేకపోయింది.

"ముందు తెప్పలవలస వెళ్లి దానమ్మని అడిగి వస్తాను."

"అంత దూరమెందుకక్కా? ఆవిడ నీడ రోజూ మీతో మాట్లాడుతుందిగా."

"అడిగాను. నాకే వేశానంది. ఆ ఊళ్లో వచ్చిన ఓట్లు చూస్తే దానమ్మే కాదు, ఎవరూ వేసినట్టు లేరు."

పార్టీ కొత్తలో వరసగా ఓడిపోయేది. ఓడిన ప్రతిసారీ రత్నం తెప్పలవలసలో ఇల్లిల్లూ తిరిగి, తన తప్పేమిటో అడిగేది. ఊరివాళ్లు దానికి ఓటమి పలకరింపు అని పేరు పెట్టారు. పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లు తుడిచి, అన్నం పెట్టిగానీ పంపేవారు కాదు. వాళ్లలో దానమ్మని రత్నం సొంత అక్కలా 'అప్పా' అని పిలిచేది. తర్వాత గెలిచింది, మంత్రయింది, పనులు ముంచుకొచ్చాయి. ఊరికి దూరమయ్యానని ఆమెకెప్పుడూ అనిపించలేదు పాపం. దానమ్మ గొంతు రోజూ చెవిలో పెట్టుకునే చెవిపూసలో వినిపిస్తూనే ఉంది కదా!

తెప్పలవలసలో వాకిట్లో గిన్నెలు తోముతున్న దానమ్మ, కారు దిగిన మనిషిని చూసి తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఒలే రత్నం! ఒచ్చినావా! ఎంత చిక్కిపోనావే!"

మాట పూర్తికాకుండానే పీట వేసింది. రత్నం చెవిపూస తీసి పక్కన పెట్టి కంచం ముందు కూర్చుంది. చేపల పులుసు వాసన తగిలేసరికి ఆఫీసు భాష కాస్తా ఎగిరిపోయింది.

"నానేటి తప్పు సేసినానో సెప్పు దానప్పా. తీరం మాట మీకు ఇసుగొచ్చిందా?"

"అదెందుకు ఇసుగొత్తాది? మా మాటే గదా అది." దానమ్మ తల దించుకుని పులుసు గిన్నెలో గరిటె తిప్పింది. "తిట్టనంటే సెప్తాను. గెలిత్తే నువ్వు రావు. ఓడిపోతేనే ఒత్తావు. ఓపాలి నిన్ను సూడాలనిపించినాది. నా ఒక్క ఓటుకే పడిపోతావా, మెజారిటీ తగ్గితే బెదిరైనా ఒత్తావనుకున్నాను. తెడ్డు ఒదిలేసి ఎదరోడికి నొక్కేసినాను."

గోడ అవతల దగ్గు వినిపించింది. పక్కింటి పోలయ్య తల పైకి లేచింది.

"నువ్వు కూడానా దానమ్మా? నానొక్కడినే ఆ పాపం సేసినాననుకుని వారం నుంచి ముద్ద దిగట్లేదు!"

అతని వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కాసేపటికి వాకిలి నిండిపోయింది. ఎవరికి వారు రహస్యంగా చేసిన పని ఊరు ఊరంతా చేసింది.

రత్నానికి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ప్రేమ ఉన్నవాళ్లు ఓటేస్తారన్నదే నీడగొంతుకి తెలిసిన లెక్క. ప్రేమ కొద్దీ ఓడించే మనుషులుంటారని దానికి ఎవరు నేర్పుతారు?

వెంటనే సుగుణాకర్‌కి కబురు పెట్టింది. "ఆ తీర్మానం చెరిపెయ్. కార్యవర్గాన్నంతా ఇక్కడికి తీసుకురా. ఇల్లిల్లూ తిరగాలి. ఎవరూ భోంచేసి రావద్దు."

అప్పుడే పక్కనున్న చెవిపూస పలికింది. "రత్నం, అన్నం తిన్నావా?"

దానమ్మ ఉలిక్కిపడింది. "నా గొంతే! రోజూ ఇలాగే అడుగుతాదా?"

"ఈ ఏలకి రోజూ అడుగుతాది."

"నువ్వేటంటావు?"

"తిన్నానంటాను."

"తింటావా మరి?"

రత్నం తల అడ్డంగా ఊపింది.

"అది నమ్మేత్తాదా?"

"నమ్మేత్తాది అప్పా."

దానమ్మ చెవిపూసను తీసి చూరులో దోపేసింది. కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసి, ఎదురుగా చతికిలబడింది.

"తిను" అంది. "నాను సూత్తాను."