కార్తీకంలో నీసు వాసనేసే క్వార్టర్

దెయ్యం కథ చెప్పడంలో మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ మొత్తమ్మీద నన్ను మించినవాడు లేడు. పోటీకి ఎవరూ రాలేదు లెండి.

షెడ్డుకి వెళ్లే దారిలో తలుపుల్లేని పాత క్వార్టర్ ఒకటుంది. ఏడాదంతా బుద్ధిగానే ఉంటుంది. కార్తీకమాసం వచ్చిందంటే చాలు — చీకటి పడ్డాక అందులోంచి రొయ్యల వాసన... ఎవరో ఏడుస్తున్నట్టు ముక్కు ఎగబీల్చడం... విన్నవాళ్లున్నారు.

దానికి ఎదురుగానే సౌభాగ్య నూడుల్స్ బండి. వైజాగ్ నుంచి ఐసు పెట్టెల్లో రైలెక్కి వచ్చిన రొయ్యలు, పీతలు, ఎండుమిరప నూరి పోసిన ఎర్రటి సూప్, అందులో నూడుల్స్. కార్తీకంలో మా తెలుగువాళ్లు ఆ బండి వైపు చూడరు. చూస్తే ఆగలేరు.

మా రమణబాబు బావకి ఆ నెల మరీ గట్టి కట్టడి. ప్రమోషన్ పరీక్ష రాశాడు, రిజల్ట్ రావాలి. కొడుకు నెలంతా నీసు ముట్టడని వాళ్లమ్మ, అంటే మా అప్పలనర్సమ్మత్త, శివుడికి మొక్కేసింది. ముట్టాడా — ప్రమోషన్ పోయినట్టే.

ఇరవై ఎనిమిదో రోజు. బావ డ్యూటీ దిగి నడిచొస్తున్నాడు. స్తంభానికి లైటు లేదు. గుప్పున వాసన... కాళ్లు వాటంతటవే క్వార్టర్ వైపు తిరిగాయి.

లోపల చీకట్లో ఆవిరి లేస్తోంది. ఉస్స్... హా... అని ఊపిరి. జుర్రుమని ఏదో పీలుస్తున్న చప్పుడు — రక్తమే అనుకున్నాడట పాపం. ఆంజనేయస్వామిని తలుచుకుని ఒక్కడుగు వేశాడు.

“రమణా... ఇటు రాకురా,” గుసగుసలాడింది చీకటి. “నీకు మొక్కుంది.”

దెయ్యానికి తన మొక్కు సంగతి ఎలా తెలుసు?

ఫోన్ టార్చి వెలిగించాడు. ఒక ఆకారం గోడ దూకి పారిపోయింది. రెండోది లేవలేకపోయింది — మోకాళ్ల నొప్పులు. నెత్తిన కొంగు, కళ్లనిండా నీళ్లు, ఎర్రబడ్డ ముక్కు, ఒళ్లో గిన్నె... అప్పలనర్సమ్మత్త.

“అమ్మా... ఏటిది?”

“మొక్కింది నీ పేరు మీద కదరా,” అంది అత్త, రొయ్య తోక పక్కన పెడుతూ. “నా పేరు మీద కాదు.”

బావ మింగిన గుటక సౌభాగ్య బండిదాకా వినిపించిందట. అయినా ముట్టలేదు. ఇంటికెళ్లి పప్పన్నం తిన్నాడు. పాసయ్యాడు. అత్త మొక్కు మహిమ ఇప్పుడు కాలనీ అంతా చెప్పుకుంటోంది.

అదే పరీక్ష నేనూ రాశాను. మా అమ్మ కూడా నా పేరు మీద అదే మొక్కు మొక్కింది. నేను ఫెయిలయ్యాను. శివుడు ఎందుకు కరుణించలేదోనని ఆవిడ ఇంకా బాధపడుతూనే ఉంది...

గోడ దూకింది నేనే. గిన్నెలో చుక్క ఒలకకుండా దూకాను.