ఫోన్ల చెప్పిన పేరు

పత్తి ఏరే కాలంల మా ఇంట్ల నడవనీకి జాగ ఉండదు. దూలాల దాక పత్తే. మాది పెన్‌పహాడ్ మండలంల ఒక తండా. ఆ దినం పొద్దుగుంకే యాళ్లకు మా ఇంటాయన పత్తి కుప్ప పక్కన మంచంల కూసోని చాయ్ తాగుతున్నడు. చక్కెర తక్కువైందన్నడు. తక్కువ కాలే. నేను ఎప్పుడు ఏసినా ఒక్క తీరే ఏస్తా. ఆ మాటే చెప్పిన. మా ఇద్దరి నడుమ ఆఖరి మాట గదే.

కొడుకు శివాజీ మిర్యాలగూడల రైసుమిల్లు లారీ తోలుతడు. కోడలు వనిత పక్కనే స్లాబు ఇంట్ల ఉంటది గని, ఆ వారం తిరుమలగిరికి, తల్లిగారింటికి పోయింది. తండా వాళ్లు కూలికి పోయి ఇంకా తిరిగి రాలే. ముసురుకు కరెంటు పోయింది. తలుపు సందులకెల్లి తడిసిన మట్టి వాసన. లోపల పత్తికి కొట్టిన మందు వాసన. రెండూ కలిస్తే నోరంత చేదైతది.

గ్లాసు కింద పడ్డ చప్పుడైంది. తిరిగి చూస్తే మనిషి మంచం మీదికెల్లి జారి పత్తిల పడి ఉన్నడు. కండ్లు తెరిచే ఉన్నయి. చూపు లేదు. ముక్కు కాడ వేలు పెట్టి చూసిన. గాలి లేదు.

నేను ఏడ్చే మనిషిని కాదు. అరిసినా వచ్చేటోళ్లు లేరు. అంబులెన్సుకు ఫోన్ ఎట్ల కొట్టాలెనో కోడలు నేర్పింది. కొట్టిన.

ఎత్తింది ఒక ఆడపిల్ల. తన పేరు కావ్య అని తనే చెప్పింది. నిమ్మళమైన మాట, కాయితం చూసి చదివినట్టు. నా పేరు అడిగితే రంగి అని చెప్పిన. ఊరు చెప్పిన, మండలం చెప్పిన. సూర్యాపేట నుంచి బండి బయలెల్లిందట. వాగు పొంగింది, చుట్టు తిరిగి రమ్మనమని నేనే చెప్పిన. బండి వచ్చేదాక నేనేం చెయ్యాలె బిడ్డా అంటే, చెప్తా గని ముందుగాల పేషెంటు పేరు కావాలన్నది.

గాడ మొదలైంది తంటా.

మా తండాల ఆడది మొగని పేరు నోట పలుకది. పలికితే ఆయుష్షు తరుగుతది. మా అత్త నాకు చెప్పింది, ఆమెకు ఆమె అత్త చెప్పింది. ఓట్లు రాసేటోళ్లు వచ్చినా నేను పక్కింటామెతోటి చెప్పించిన గని పలుకలే. శివాజీ వాళ్ల నాయిన అని రాసుకోమన్న. అది పేరు కాదన్నది. ఇంటాయన అని రాయి అన్న. అదీ కాదన్నది.

"అమ్మా, పేరు రికార్డు కాకుండా ఫోన్లో వైద్యం చెప్పే అధికారం మాకు లేదు. చట్టం అలా ఉంది."

"మీ చట్టం మందు పేరుకు పోస్తదా, మనిషికి పోస్తదా?"

"స్క్రీన్ ముందుకు కదలదమ్మా. పేరు చెప్పండి."

ఒక పక్క మనిషి పెదవులు నల్లబడుతున్నయి. ఈ పిల్లకు స్క్రీను డబ్బల పేరు నింపుడు కావాలె. నాకు ఒళ్లు మండింది. ఏదో ఒక పేరు పడేస్తే అయిపాయె అనుకున్న. రోజూ తిట్టే పేరే నోటికి తొందరగ వస్తది.

"బాల్యా" అన్న.

బాల్యా మా మరిది. నా మొగనికి తమ్ముడు. కోదాడల లారీల మీద క్లీనర్‌గ చేసి ఆడి ఆంధ్ర దిక్కు మాట నేర్చిండు. ఇంట్ల మేమంత లంబాడిల మాట్లాడుకుంటే, వాడు నాతోటి మాత్రం కోదాడ తెలుగే మాట్లాడేది, గొప్పకు. వానలల్ల అందరు పండుకున్నంక మా చేను హద్దురాళ్లు పీకి మా దిక్కు జరిపిండు. మా బోరు వాని దిక్కు పోయింది. నేను పంచాయితి పెట్టిన, ఎవ్వరు నా మాట వినలే. అప్పటికెల్లి వాని ఇంట్ల నీళ్లు ముట్టలే. వాడు చచ్చి శాన యేండ్లాయె. గట్టు అవతల్నే కాలవెట్టిన్రు. ఇప్పటికీ ఆ గట్టు మీద నడిస్తే తిట్టకుండ నడువ.

పేరు దొరికిందని ఆ పిల్ల సంబరపడ్డది. ఇగ చెప్పుడు షురూ చేసింది. మనిషిని వెల్లకిల పండవెట్టమన్నది. రొమ్ము నడిమ అరచెయ్యి పెట్టి, దాని మీద ఇంకో చెయ్యి పెట్టి, బరువంత ఏసి నొక్కమన్నది. తను లెక్క చెప్తది, నేను నొక్కాలె. ఫోను పత్తిల పెట్టి మొదలువెట్టిన. నా చేతులు నాగలి పట్టిన చేతులు. పక్కటెముక కటుక్కుమన్నది. ఆపిన. ఆపొద్దన్నది.

మధ్యమధ్య పేషెంటును పేరు పెట్టి పిలువాలెనట. అది కూడ స్క్రీను మీద రాసుందట. శివాజీ నాయినా, శివాజీ నాయినా అని పిలిచిన. ఆ పిల్ల లెక్క ఆపేసింది.

"మీరు ఎవరిని పిలుస్తున్నారమ్మా? రికార్డులో ఉన్న పేరుతోనే పిలవాలి. వేరే పేషెంట్ అయితే మళ్లీ మొదటి నుంచి అడగాలి."

మొదటికెల్లి! ఇంత ఓపిక దేవునికి కూడ ఉండదు. పండ్లు కొరుక్కుంట పిలిచిన.

"బాల్యా."

నొక్కిన. ఆ పిల్ల లెక్క చెప్తనే ఉన్నది.

"బాల్యా..."

చూరు నీళ్ల చప్పుడు ఆగింది. వాన ఆగలే. చప్పుడే ఆగింది.

"బాల్యా."

డీజిల్ వాసన. మొదలు సన్నగ... తర్వాత ముక్కు పగిలేటట్టు. మా ఇంట్ల డీజిల్ ఏడిది? దాని కింద ఇంకో వాసన... నీళ్లు చల్లి ఆర్పిన బూడిదది. నా చేతుల కింద రొమ్ము లేచింది. నేను నొక్కలే. అదే లేచింది. పడ్డది. మల్ల లేచింది.

కండ్లు నా దిక్కు తిరిగినయి.

"ఏంటి వదినా," అన్నడు. "పిలిచావా?"

గొంతు నా మొగనిదే. మాట కాదు.

చేతులు గుంజుకున్న. పత్తిల వెనుకకు జరిగిన... గోడ తగిలింది. ఫోన్ల ఆ పిల్ల, పేషెంట్ మాట్లాడుతున్నరా, పేషెంట్ మాట్లాడుతున్నరా అని అడుగుతనే ఉన్నది. వాడే చెయ్యి చాపి పత్తిలకెల్లి ఫోను తీసుకున్నడు. స్పృహ వచ్చినంక పేషెంటు తన పేరు తనే చెప్పాలెనట. అదీ చట్టమే. ఆ పిల్ల అడిగింది. నేను వద్దు, వద్దు అన్న. గట్టిగనే అన్న అనుకున్న... గుసగుసే వచ్చింది.

"బాల్యా అండీ," అన్నడు వాడు. నన్నే చూసుకుంట.

బండి వచ్చింది. సూర్యాపేట దవాఖానల డాక్టర్లు నన్ను మెచ్చుకున్నరు, ముసల్ది ప్రాణం నిలవెట్టింది అని. శివాజీ నా కాళ్లు మొక్కిండు. నేను నోరు తెరిచి అసలు సంగతి చెప్పిన. మెదడుకు గాలి అందక మనిషి జర తికమక అయితడమ్మా అన్నడు డాక్టరు. చదువుకున్నోళ్లకు ప్రతిదానికి ఒక మాట దొరుకుతది.

ఇంటికొచ్చినంక వాడు నాతోటి లంబాడిల ఒక్క మాట మాట్లాడలే. అన్నం పెట్టమని కోదాడ తెలుగుల అడుగుతడు. నా మంచం కాడికి రాడు, వదిన మంచం అని మర్యాద. పొద్దుగాల లేవంగనే గట్టు మీదికి పోయి రాళ్లు చూసి వస్తడు.

నేను ఇడిసిపెట్టే దాన్ని కాదు. మల్ల అదే నంబరుకు కొట్టిన. పేరు తప్పు రాసిన్రు, మార్చున్రి అన్న. ఈసారి ఎవరో పెద్దసారు. ఫోన్ల ఎక్కిన పేరు మేం మార్చొద్దు, చట్టం ఒప్పుకోదు, పేషెంటు తన నోటితోటి తప్పని చెప్తేనే మారుతదన్నడు. వానికి ఫోన్ ఇచ్చిన. సారు అడిగిండు, మీ పేరు తప్పు పడిందా అని.

"లేదండీ, కరెక్టే," అన్నడు వాడు. ఫోన్ నా చేతుల పెట్టి, చేను దిక్కు పోయిండు.

వారాలు చూసిన. ఎవ్వరు నమ్మరు. చట్టపోళ్లు మార్చరు. నా మొగడు ఏడున్నడో ఎవ్వరు అడుగరు. ఇంట్ల తిరిగే ఒళ్లు ఆయనదే, మరి ఆయనేడి? పేరు పెట్టి పిలిస్తే పరాయోడు వచ్చిండు. నా మొగన్ని కూడ పేరు పెట్టి పిలువాలె. ఆయుష్షు తరుగుడు సంగతి తర్వాత. తరుగనీకి ఆయుష్షు ఉండాలె గద.

మొన్న సందెకాడ వాడు మంచంల వీపు తిప్పి పండుకున్నడు. నేను గడప మీద నిలబడ్డ. బయట మబ్బు కమ్ముకొని చేను కనవడుత లేదు. నాలుక తిరుగలే. ఉమ్మి మింగి పిలిచిన.

"కిష్ట్యా."

పెండ్లైనకాడికెల్లి నా నోట రాని పేరు. మంచంల ఉన్నోడు కదలలే.

"కిష్ట్యా..."

కుక్కలు మొరుగుడు ఆపినయి.

"కిష్ట్యా."

పలికిండు.

గట్టు అవతలికెల్లి... బాల్యాను కాలవెట్టిన జాగ కాడికెల్లి. లంబాడిల. వస్తున్న అని. నా మొగని గొంతే. శాన దూరం నడిచి అలిసినట్టున్నది.

నేను గడప దిగబోయిన. మంచంల ఉన్నోడు ఎప్పుడు లేచిండో, నన్ను లోపలికి గుంజి నా భుజం మీదికెల్లి చెయ్యి చాపి తలుపు మూసిండు. లోపలి గడియ ఏసిండు. వీపు తలుపుకు ఆనించి కూసున్నడు. చెమటలు పట్టినయి వానికి.

"ఇంకోసారి పిలవకు వదినా," అన్నడు చిన్నగ. "ఇప్పుడు వచ్చేది ఒక్కడే కాదు."

ఇప్పుడు రోజూ పొద్దుగుంకంగనే లోపలి గడియ వాడే ఏస్తడు. రాత్రి గట్టు దిక్కుకెల్లి శాన అడుగులు వచ్చి తలుపు కాడ ఆగుతయి. పొద్దుగాల తీస్తే తలుపు రాదు. బయటి గొలుసు కూడ పెట్టి ఉంటది. వనిత వచ్చి తీయాలె. తను పెట్టలేదంటది. నిన్న పొద్దుగాల గొలుసు పెట్టిన కాడ పచ్చి పత్తికట్టె ఒకటి మెలిపెట్టి గుచ్చి ఉన్నదట, లోపలోళ్లు ఎంత గుంజినా రాకుండ.