ఇష్టం లేని రాజీనామా

సోమవారం పొద్దున్నే సత్యవతమ్మ ఇంకా పాలు పొయ్యి మీద పెట్టకముందే కొడుకు కామేశ్వరరావు గొంతు వీధిదాకా వినిపించింది.

"ఇవాళ బడికెళ్ళగానే రాజీనామా ఇచ్చెయ్యి వసుంధరా. పెళ్ళయి ఏడాదైంది. నువ్వు బందర్లో, నేను గుడివాడలో! హోటలు తిండి తినలేక ఛస్తున్నాను."

వసుంధర జడ అల్లుకుంటోంది. నిరుడు ఉప్పెన ఊడ్చుకుపోయిన దివిసీమలో, రేకుల షెడ్డులో నడిచే బడిలో ఆమె టీచరు. రెండు బస్సులు మారి వెళ్ళాలి.

కొడుకు సెలవుకు వచ్చిన ప్రతి వారం ఇదే పంచాయితీ. సత్యవతమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఏమండీ, పెద్దవారు, మీరైనా ఒక మాట చెప్పరాదూ?"

శేషాచలంగారు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పేపరు దించి, "రాజీనామా అనే మాట ఉందే..." అని మొదలుపెట్టారు.

"అయ్యో నా ఖర్మ! మాట చెప్పమంటే మాట పుట్టుక చెప్తారు. మొన్న సబ్బు తెమ్మంటే అది పోర్చుగీసు మాటంటూ బుడతకీచుల దాకా వెళ్ళారు. సబ్బు మాత్రం రాలేదు!"

ఈ కేకలకు పక్కింటి అనీసా పిట్టగోడ దగ్గరికొచ్చింది. హైదరాబాదు నుంచి అబ్దుల్ హమీద్ ఇంటికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల.

"ఏమైంది అమ్మా?"

"ఏముందమ్మా, మా కోడలు రాజీనామా ఇస్తోంది."

అనీసా ముఖం వెలిగిపోయింది. "ముబారక్! ఇద్దరు కలిసిపోయిన్రన్నమాట. నేను రోజూ దువా చేస్తున్న."

"కలవటమేంటమ్మా? ఉద్యోగం మానేస్తోంది" అన్నాడు కామేశ్వరరావు చిరాగ్గా.

"అది ఇస్తీఫా కదా భాయ్! మా ఉర్దూల రాజీనామా అంటే, కొట్లాడినోళ్ళు రాజీ అయి రాసుకునే కాయితం" అని, ఎవరూ నవ్వకపోయేసరికి బెదిరి లోపలికి వెళ్ళిపోయింది.

సత్యవతమ్మ భర్తవైపు తిరిగింది. "ఆ చెప్పబోయే ముక్కేదో చెప్పి తగలడండి!"

"ఆ అమ్మాయి చెప్పింది నిజమే. రాజీ అరబ్బీ మాట, ఇష్టపడటమని. నామా పారశీకం, కాగితం. కోర్టులో ఇరుపక్షాలూ ఒప్పుకుంటే రాజీనామా అనేవాళ్ళం. మరాఠీ దేశంలో రైతు తన ఇష్టంతో భూమి వదులుకుంటూ రాసిచ్చేదీ అదే. మనం ఉద్యోగం దగ్గర వాడుకుంటున్నాం. ఎక్కడైనా లోపల ఇష్టమనేది ఉంది."

"ఈ పాఠాలు నాకెందుకు నాన్నా!" అని కామేశ్వరరావు భార్య మీదికి తిరిగాడు. "నీకు నేను కావాలా, ఆ పిల్లలు కావాలా?"

వసుంధర చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"మబ్బు పడితే నా పిల్లలు పలకలు వదిలేసి పరిగెత్తుకొస్తారండీ. అందరూ నా చీరే పట్టుకుంటారు. చిన్నవాళ్ళకు అందకపోతే పట్టుకున్నవాళ్ళను పట్టుకుంటారు. వాన వెలిసేదాకా వదలరు. మళ్ళీ తుఫాన్ల రోజులొస్తున్నాయి. ఇప్పుడెలా వదిలేసి రానూ?" ఆమె దువ్వెన పక్కన పెట్టింది. "రాయమంటే రాస్తాను. ఇష్టంతో మాత్రం కాదు."

సత్యవతమ్మకు నిరుటి సంగతి గుర్తొచ్చింది. ఉప్పెన రాత్రి, గట్టి డాబాలో ఉండి కూడా, తను తెల్లవార్లూ భర్త చొక్కా పిడికిట్లో పట్టుకునే కూర్చుంది. ఆయన కదిలితే ఏడ్చింది. ఇంత వయసొచ్చిన మనిషి! ఆ పసివాళ్ళకు పట్టుకోవడానికి నాన్న చొక్కా కూడా మిగల్లేదు.

"ఒరేయ్ కామేశం" అంది. "ఇష్టం లేకుండా రాయిస్తే అదేం రాజీనామారా? దౌర్జన్యం. ఈ ఏడు గడవనీ. వేసవిలో గుడివాడ వైపు బదిలీకి పెట్టుకుంటుంది. ఏమ్మా?"

వసుంధర తలూపింది. కళ్ళు తుడుచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

కామేశ్వరరావు సంచీ భుజాన వేసుకున్నాడు. భార్య గొడుగు తనే తీసుకున్నాడు.

"పద, బస్సు వెళ్ళిపోతుంది."

"మీ బస్సు అటు కదండీ?"

"ఇవాళ ఆఫీసుకు వెళ్ళను. ఆకాశం మబ్బుగా ఉంది" అన్నాడు ఆమెవైపు చూడకుండా. "నీ చీర అందని వాళ్ళుంటే నన్ను పట్టుకుంటారు."