గాలికి ఒరిగిన గోడ

సుత్తి దెబ్బ మేకు మీద పడలేదు. నాన్న బొటనవేలి మీద పడింది.

"అబ్బా!" అంటూ నాన్న వేలు నోట్లో పెట్టుకున్నాడు.

పెరటి మెట్ల మీద కూర్చున్న నానమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఒరేయ్, మేకు కింద ఉందిరా. పైనున్నది నీ వేలు. ముందు రెండింటికీ తేడా తెలుసుకో!"

మిరియం పకపకా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా చెల్లి కూడా నవ్వింది.

మిరియం అసలు పేరు అది కాదు. మనిషి చిన్నగా, మాట ఘాటుగా ఉంటుందని నానమ్మ అలా పిలవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆరో క్లాసు హాజరు పట్టీలో తప్ప అసలు పేరు ఇంకెక్కడా వినపడదు.

అమ్మ పాత కుర్చీలు, బల్లలు బాగుచేస్తుంది. కాలు విరిగిన కుర్చీ ఆమె చేతిలో పడిందంటే మళ్ళీ నిలబడాల్సిందే. కానీ ఆ పనంతా ఇన్నాళ్ళూ ఇంట్లోనే జరిగేది. మంచం కింద కుర్చీ కాళ్ళు, ఫ్రిజ్ మీద జిగురు డబ్బాలు, కంచంలో రంపపు పొట్టు. "ఈ ఇంట్లో మనం తినేది తిండో, చెక్కో!" అని నానమ్మ రోజూ గోల పెట్టేది.

అందుకే పెరట్లో అమ్మకి ఒక వర్క్‌షాప్ కడుతున్నారు. ఇటుకలతో కాదు, చెక్కతో. సిమెంటు దిమ్మల మీద లావుపాటి దూలాలు పరిచారు. వాటి మీద గుంజలతో చేసిన చట్రాలు నిలబెట్టాలి. ఒక్కో గోడకి ఒక్కో చట్రం. నాలుగూ నిలబడ్డాక పలకలు బిగించి, పైన కప్పు వెయ్యాలి.

కొలతలు, కోతలు అమ్మవి. సెలవు రోజుల్లో నాన్న సాయం చేసేవాడు. నాన్న బస్సు డ్రైవరు. ఇరుకు సందులో కూడా అంత పెద్ద బస్సుని అవలీలగా తిప్పేస్తాడు. సుత్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చేతులు తడబడేవి. మొదట్లో ఆయన కొట్టిన మేకులన్నీ వంకర పోయేవి. అమ్మ ఏమీ అనేది కాదు. ఇంకో మేకు అందించేది.

ఆ ఆదివారం అమ్మ వెనక గోడ చట్రాన్ని పూర్తిగా నాన్నకే వదిలేసింది. వేలికి గుడ్డ చుట్టుకుని మరీ నాన్న దాన్ని పూర్తి చేశాడు. సాయంత్రం అందరూ తలో చెయ్యి వేసి దాన్ని లేపి, దూలం మీద నిలబెట్టి బిగించారు. అది పక్కకి ఒరగకుండా, గుంజల మీదుగా ఒక పొడుగాటి చెక్కని ఏటవాలుగా పెట్టి మేకులు కొట్టాడు నాన్న. అమ్మ గుంజకి రసమట్టం ఆనించి చూసింది. గాజు గొట్టంలో బుడగ సరిగ్గా మధ్యలో ఆగింది.

"నిటారుగా ఉంది" అంది అమ్మ.

"నిజంగానా? నా మొహం చూసి అంటున్నావా?"

"నిజంగానే. ఈ గోడ పూర్తిగా మీదే."

భోజనాల దగ్గర నాన్న ఆ మాటని అమ్మతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

మర్నాడు సాయంత్రం మిరియం స్కూలు నుంచి వచ్చేసరికి నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ బాగుచేసిన కుర్చీ ఇచ్చి రావడానికి వెళ్ళింది. నానమ్మ కునుకు తీస్తోంది.

"అక్కా, ఏం తోచట్లేదు. ఏదైనా ఆడదాం" అని చెల్లి గునిసింది.

పెరట్లో ఒక చెట్టు మొద్దు ఉంది. దాని మీద చెక్క అడ్డంగా వేస్తే అటొకరు, ఇటొకరు కూర్చుని ఊగొచ్చు. కానీ చెక్క ఏది? కుప్పలో ఉన్నవన్నీ అమ్మ కొలిచి గీతలు గీసినవి. వాటి జోలికి వెళ్తే ఊరుకోదు. మిరియం చూపు నాన్న కొట్టిన ఏటవాలు చెక్క మీద పడింది. దాని మీద గీతలేవీ లేవు. గోడకి పనికొచ్చేదానిలా కూడా లేదు. ఊరికే అడ్డంగా ఉంది.

"అది తీయొచ్చా అక్కా?"

"ఆడుకుని మళ్ళీ పెట్టేద్దాం. గోడ ఎక్కడికీ పారిపోదులే!"

తీయడం అనుకున్నంత సులువు కాలేదు. సుత్తి వెనక కొమ్ముల మధ్య మేకు తల ఇరికించి మిరియం వేలాడింది. చెల్లి వెనక నుంచి నడుం పట్టుకుని లాగింది. ఒక్కో మేకు కీచుమంటూ బయటికొచ్చింది.

ఇద్దరూ మొద్దు మీద చెక్క వేసుకుని తనివితీరా ఊగారు. గేటు చప్పుడు వినపడేసరికి మిరియం గబగబా చెక్కని తెచ్చి యథాస్థానంలో పెట్టింది. పాత బొక్కల్లోనే మేకులు దూర్చి, చేతికందిన రాయితో నాలుగు దెబ్బలు వేసింది. చూడ్డానికి అచ్చం ముందులాగే ఉంది.

ఆ రాత్రి పెద్ద గాలి వీచింది.

పొద్దున్నే నానమ్మ కేకకి అందరూ పెరట్లోకి పరిగెత్తారు. వెనక గోడ చట్రం పక్కకి ఒరిగిపోయి ఉంది. ఒక గుంజ అడుగున నిలువునా చీలింది. ఏటవాలు చెక్క నేల మీద పడి ఉంది.

అమ్మ వంగి చూసింది. "మేకులు ఊడొచ్చాయి" అంది నెమ్మదిగా. "నయం, కింద ఎవరూ లేరు."

నాన్న ఒక మేకు తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఇవి నేను కొట్టినవే కదా."

ఎప్పుడూ ఏదో ఒకటి అనే నానమ్మ ఈసారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చెల్లి అక్క వైపు చూసింది. మిరియం తన చెప్పుల వైపు చూసుకుంది. 'అడిగితే చెబుతాను' అనుకుంది. ఎవరూ అడగలేదు. అడగడానికి ఎవరికైనా అనుమానం వస్తే కదా!

"కప్పు పని నావల్ల కాదు" అన్నాడు నాన్న. "రేపు పైన కొట్టినవి ఇలాగే ఊడిపోతే? ఎవరైనా వడ్రంగిని పిలుద్దాం."

"పోనీ, ఇంకోసారి కొట్టి చూడండి" అంది అమ్మ.

"వద్దులే. నాకు బస్సే నయం."

తర్వాతి సెలవు రోజు అమ్మ ఒక్కతే పెరట్లోకి వెళ్ళింది. దూలం ఒక కొస ఎత్తి, పరుగున ఇటొచ్చి రెండో కొస ఎత్తుకుంటోంది. నాన్న హాల్లో కూర్చుని అప్పటికే చదివేసిన పేపరుని మళ్ళీ తిరగేస్తున్నాడు. వేలు మానిపోయింది. అయినా నవ్వించడానికి నానమ్మ దాని గురించి అడిగితే, ఆయన నవ్వలేదు.

రాత్రి పక్క మీద చెల్లి గుసగుసగా అడిగింది. "అక్కా, నాన్నకి మేకులు కొట్టడం నిజంగా రాదా?"

మిరియం దుప్పటి ముసుగేసుకుంది. చాలాసేపు నిద్ర పట్టలేదు.

మర్నాడు స్కూలు నుంచి వస్తుంటే ఇంటి పక్క సందులోంచి టక్ టక్ మని చప్పుడు వినపడింది. మిరియం తొంగిచూసింది. నాన్న గొంతుక్కూర్చుని ఒక పనికిరాని చెక్క ముక్కకి మేకులు కొడుతున్నాడు. కొట్టడం, పట్టకారుతో లాగి చూడడం. మళ్ళీ ఇంకోటి. ఎవరి కంటా పడకూడదనే కాబోలు, ఆ మూలని ఎంచుకున్నాడు.

మిరియాన్ని చూసి నాన్న కాస్త సిగ్గుపడ్డాడు. "ఇది చూడు. ఎంత లాగినా రావట్లేదు. మరి ఆ రోజు ఎందుకు ఊడిందో ఎంత ఆలోచించినా అర్థం కావట్లేదు."

మిరియం బ్యాగు కింద పెట్టింది.

"అవి ఊడిపోలేదు నాన్నా. నేను తీశాను."

"ఏంటీ?"

"ఊగడానికి చెక్క కావాలని తీశాను. మళ్ళీ పెట్టేటప్పుడు రాయితో కొట్టాను. నువ్వు కొట్టినట్టు కొట్టలేదు. ఆ రోజే చెబుదామనుకున్నా. భయమేసింది." ఏడుపొచ్చేసింది.

నాన్న చేతిలో సుత్తి కింద పెట్టాడు.

"ఆ చెక్క తీసినప్పుడు చెల్లి ఎక్కడుంది?" అని అడిగాడు.

"నా వెనకే... గోడ పక్కనే."

నాన్న కళ్ళు మూసుకుని తెరిచాడు. "గోడ ఒరిగితే మళ్ళీ నిలబెట్టుకుంటాంరా. అది మీ ఇద్దరి మీద పడుంటే?" ఆయన మెల్లగానే అన్నాడు. అరిచినా బావుండేదని మిరియానికి అనిపించింది.

"అమ్మకి చెప్పాలి" అన్నాడు లేస్తూ. "నేను తోడొస్తాను. మాట మాత్రం నీదే."

అమ్మ పెరట్లో చిత్రిక పడుతోంది. చెక్క మీంచి పల్చటి సుళ్ళు రాలుతున్నాయి. మిరియం చెప్పడం మొదలుపెట్టేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. అంతా విన్నాక అమ్మ మొహం గట్టిపడింది.

"ఆ చెక్క ఎందుకు ఉందో తెలుసా?"

"తెలీదు. ఊరికే ఉందనుకున్నా."

"తెలీనప్పుడు ఏం చెయ్యాలి?"

"అడగాలి."

"తీశాక? గోడ ఒరిగాక? మీ నాన్న మొహం చూశాక?"

మిరియం తల వంచుకుంది. ఆ ప్రశ్నకి జవాబు తెలుసు. గోడ ఒరిగిన పూటే ఇవ్వాల్సిన జవాబు అది.

అమ్మ చిత్రిక పక్కన పెట్టింది. ఏదో తోచినట్టు అడిగింది. "మేకులు తేలిగ్గానే వచ్చాయా?"

"లేదమ్మా! సుత్తి పట్టుకుని వేలాడాను. చెల్లి కూడా లాగింది. చేతులు కందిపోయాయి."

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న ఇంకెటో చూస్తున్నాడు. కానీ మీసాల కింద నవ్వు దాగలేదు.

మెట్ల మీద నుంచి నానమ్మ అందుకుంది. "విన్నావుట్రా? ఇద్దరు రాక్షసులు వేలాడితే గానీ ఊడలేదట నీ మేకు! ఇక లే, నిచ్చెనెక్కు!"

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజులన్నీ మిరియం పెరట్లోనే గడిపింది. చీలిన గుంజ తీసి కొత్తది పెట్టేటప్పుడు కింద పట్టుకుంది. ఒరిగిన చట్రాన్ని నాన్న తాడు కట్టి లాగుతుంటే, బుడగ మధ్యకి వచ్చేదాకా రసమట్టం పట్టుకుని "ఇంకాస్త, ఇంకాస్త" అంటూ చెప్పింది. మెల్లగా అమ్మ చిన్న రంపం కూడా చేతికిచ్చింది.

ఒకరోజు కిటికీ కింద బిగించే చెక్క కోసే పని మిరియానికి వచ్చింది. శ్రద్ధగానే కోసింది. తీరా కిటికీ దగ్గర పెట్టి చూస్తే వేలెడు పొట్టి. గీతకి ఇవతల కోసేసింది.

అమ్మ అటు తిరిగి జిగురు కలుపుతోంది. నాన్న కప్పు మీద ఉన్నాడు. నానమ్మ, చెల్లి లోపల ఉన్నారు. పక్కనే తుక్కు చెక్కల కుప్ప. అందులో పడేస్తే, ఇది ఏ ముక్కో ఎవరికీ తెలియదు.

మిరియం ఆ చెక్కని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. పైనున్న నాన్నకి కూడా వినపడేలా గట్టిగా అరిచింది.

"అమ్మా! ఇది నేను తప్పు కోశాను!"