ప్రమాణ నాలుక

2079 నాటికి విశాఖ రేవులో చేప కొనేవాళ్ళెవరూ మొప్పలెత్తి చూడడం లేదు. జిహ్విక వైపు చూస్తున్నారు. అరచేయంత పెట్టె అది. చేప తోక దగ్గర సూది గుచ్చి, నూలుపోగంత మాంసం లాగి, రెండు సెకన్లలో దాని రుచి నూటికి ఎంతో చెబుతుంది. తొంభై దాటితే బంగారు రంగు దీపం వెలుగుతుంది. హోటళ్ళలోనూ పళ్ళెం పక్కన ఆ దీపం వెలిగాకే జనం నోరు తెరుస్తున్నారు.

ఆ దీపాలన్నిటికీ మూలం కారి నీలవేణి నాలుక.

తీరానికి నలభై కిలోమీటర్ల దూరంలో, సముద్రం మీద తేలే పరిశోధన కేంద్రంలో ఆమె ఉద్యోగం. లోతు నుంచి చల్లటి నీళ్ళు తోడి అక్కడ నీలిరెక్కల ట్యూనాను పెంచుతారు. మాంసంలో కొవ్వెంత, ఆమ్లమెంత అన్నది జిహ్విక తనే కొలుస్తుంది. కానీ ఎంత ఉంటే రుచి అన్నది యంత్రానికి తెలియదు. మనిషి చెప్పాలి. అందుకే రోజూ ఉదయం ఒక ముక్కను జిహ్విక కొలిచాక నీలవేణి అదే ముక్కను తిని తన అంకె రాస్తుంది. యంత్రం చూపిన అంకె ఆమె చూడకూడదు. రెండిటికీ తేడా వస్తే, యంత్రం ఆమెను చూసి దిద్దుకుంటుంది. చట్టం ఆమెకు పెట్టిన పేరు ‘ప్రమాణ నాలుక’.

నాలుగేళ్ళ క్రితం ఆమెకు జ్వరం వచ్చింది. పదిహేను రోజుల తర్వాత డ్యూటీకి వచ్చి ముక్క నోట్లో పెట్టుకుంటే తడిపిన దూది నమిలినట్టుంది. ఇంట్లో పులుసు పులుపు తెలుస్తోంది, మిరపకాయ మంట తెలుస్తోంది. ట్యూనాలోని ఆ సన్నటి తీపి ఒక్కటే పోయింది. జ్వరం మింగేసిందనుకుంది. ఎవరికీ చెప్పలేదు. తన వెనకున్న జిహ్విక తెర మీది అంకె ఎదురుగా ఉన్న ఐసు పెట్టె మూత మీద మెరుస్తుందని ఆరోజే గమనించింది. జిహ్విక డెబ్బై అంటే డెబ్బై ఒకటి రాసింది. మర్నాడు డెబ్బై ఒకటి అంటే డెబ్బై రెండు రాసింది. తక్కువ రాస్తే ఎందుకని అడుగుతారు. ఎక్కువ రాస్తే ఎవరూ అడగరు.

మొదట్లో రాసే ముందు ఎవరైనా చూస్తున్నారేమోనని గుమ్మం వైపు చూసేది. తర్వాత అదీ మానేసింది.

“అమ్మా, ఇవాళ గది మారింది,” అన్నాడు డాక్టర్ త్రివిక్రమ్. చేపల మేత తయారుచేసే శాస్త్రవేత్త అతను. “రుచి మండలి నుంచి తనిఖీకి దమయంతి మేడమ్ వచ్చారు. లైసెన్సు పొడిగించాలంటే మూల పరీక్ష జరగాలట.”

“అంటే ఏటి బాబూ?”

“రెండు ముక్కలు పెడతాం. ఒకటి ఇవాళ్టిది. రెండోది మొదట జిహ్వికకు మీరు రుచి నేర్పినప్పటి చేప, మైనస్ ఎనభైలో దాచింది. అప్పుడు దానికి తొంభై నాలుగిచ్చారు మీరు. ఏది ఏదో చెప్పం. మీరు రాశాకే తెర వెలుగుతుంది.”

కొత్త గదిలో ఐసు పెట్టె లేదు. గాజు బల్ల, తెల్లటి గోడలు. ఇవాళ పట్టుబడితే ఉద్యోగంతో పోదు, నాలుగేళ్ళ మోసానికి జైలు. ఆ మాట తలచుకున్నా ఆమెలో ఏమీ కదల్లేదు.

“సబ్బుతో చేతులు కడిగారా?” అడిగింది దమయంతి. యాభై ఏళ్ళ మనిషి, కాగితంలోంచి తలెత్తలేదు.

“సబ్బా? పదేళ్ళయింది మేడమ్ గోరూ, నాను సబ్బు మొకం సూసి. వాసనొస్తాదని ఇవ్వరు కదా.”

మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. దూది.

రెండోది పెట్టుకుంది. చల్లదనం కరుగుతుండగానే నాలుక అంచుల్లో తీపి పాకింది. దాని వెనక కొవ్వు, ఆ వెనక ఇనుప వాసన లాంటి సన్నటి పులుపు. దవడ ఆగిపోయింది. మళ్ళీ మొదటి ముక్క కొరికింది. దూదే.

ఆమెకు అర్థమైంది. పోయింది నాలుక కాదు. తను జ్వరంతో పడుకున్న రోజుల్లోనే చేపలకు మేతగా నెత్తళ్ళనే చిన్న చేపలు వెయ్యడం మానేసి నాచు గుళికలు మొదలుపెట్టారు. రుచి చేపలోనే పోయింది. తను రోజుకో మార్కు కలిపింది. యంత్రం అదే రుచి అని నేర్చుకుంది.

ఎప్పటిలా తొంభై పైన ఏదో రాసి గట్టెక్కవచ్చు. కలం తీసుకుని మొదటిదానికి ఇరవై, రెండోదానికి తొంభై నాలుగు రాసింది.

తెర వెలిగింది. మొదటిది తొంభై ఆరు, బంగారు దీపం. రెండోది నలభై ఒకటి.

“తలకిందులైంది,” అంది దమయంతి.

“తలకిందులైంది జిహ్వికేనండి. నాలుగేళ్ళ బట్టి దాని అంకె దొంగతనంగా సూసి రాసినాను. నన్ను జైల్లో ఎయ్యండి. ముందు మీరు తిని సూడండి.”

నిబంధన ప్రకారం ఆ ఇద్దరూ ఎలాగూ తిని అంకె రాయాలి. దమయంతి మొదటి ముక్క నమిలి, దీపం వైపు చూసి తలూపింది. రెండోది నములుతూ కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచి, తెర చూసి, నలభై అని రాసింది.

త్రివిక్రమ్ రెండో ముక్క మింగి తల దించుకున్నాడు.

“నిజం సెప్పు బాబూ.”

“నా నాలుకే చచ్చిపోయిందనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ,” గొణిగాడతను. “మా ఆవిడ తన నాలుక అనుకుంటోంది. డాక్టరుకు చూపిస్తే, ఎవరికీ చెప్పొద్దు, నాకూ అంతే అన్నాడు.”

“మరైతే రాయి!”

“దేశంలో ఆరు లక్షల జిహ్వికలున్నాయమ్మా.” నలభై రెండు అని రాశాడు.

దమయంతి కాగితం ముందుకు తోసింది. “జ్వరం వల్ల నాలుక చెడిందని రాశాను. గౌరవంగా వెళ్ళొచ్చు.”

“దొంగతనం సేసినానంటే ఇనిపించట్లేదా?”

“మీ అంకెకూ యంత్రం అంకెకూ నాలుగేళ్ళలో రెండు మార్కులు దాటి తేడా రాలేదు. ఇంత నిజాయితీ రికార్డు నేనెక్కడా చూడలేదు. సంతకం పెట్టండి.”

నీలవేణి సంతకం పెట్టింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పోయే ముందు ఆ రెండో ముక్క ఇంకొక్కటి తినాలనిపించి చెయ్యి చాపింది. పళ్ళెం ఖాళీగా ఉంది. బంగారు దీపం పక్కన మొదటి పళ్ళెం మాత్రం నిండుగా ఉంది.

దమయంతి రుమాలుతో పెదాలు తుడుచుకుంటోంది.

“నాసిరకం సరుకు,” అంది త్రివిక్రమ్‌తో. “ఇలాంటివి ఫ్రీజర్లో ఇంకెన్ని ఉన్నాయి?”

“పదకొండు మేడమ్.”

“అన్నీ నాశనం చెయ్యాలి. ఇప్పుడే, నా ఎదుటే.” కుర్చీ బల్ల దగ్గరకు జరుపుకుంది. “నిమ్మకాయ ఏమైనా ఉందా?”