సైన్స్ ఫిక్షన్ సభకు ఏడు కొమ్ముల పొట్టేలు

"మీ పొట్టేలు బరువెంతండీ?"

మార్కాపురంలో ఆ కల్యాణ మండపం మెట్ల మీద, ఒక చేత్తో మైకు వైరూ ఇంకో చేత్తో పూలదండల కవరూ పట్టుకున్న అమ్మాయి చెన్నకేశవను అడిగిన మొట్టమొదటి మాట అది. నమస్కారం లేదు, రండి కూర్చోండి అన్న మర్యాద లేదు. సరాసరి పొట్టేలు మీదికే వచ్చింది.

"ఏ పొట్టేలండీ?" అన్నాడు కేశవ బిక్కమొహం వేసి.

"ఏడు కొమ్ములది. మూడో భాగంలో కొండ మీద నుంచి ఎగిరింది చూడండి, అది."

"అదా... నలభై కిలోలుంటదేమో."

"నలభై కిలోల జీవానికి మీరు పెట్టిన ఆ మూరెడు రెక్కలు చాలవు. ఎగిరిన మరుక్షణం కింద పడి చావాల. ముప్పయ్యో భాగం దాకా ఎట్ల బతికింది?"

అప్పుడు వెలిగింది కేశవకు. ఏడాదిగా తన కథ కింద కామెంట్లు పెట్టి ప్రాణం తోడేస్తున్న 'హేమ ఫిజిక్స్' ఈ పిల్లేనన్నమాట!

కేశవది రాచర్ల పక్కన పల్లె. చదివింది పశువైద్యం డిప్లొమా, చేసేది గొర్రెలకు సూదులు వేయడం. ఊళ్లో అందరూ గొర్రెల డాక్టరంటారు. గొర్రెల మధ్య తిరిగి తిరిగి, ఒక రోజు అతని బుర్రలో ఒక పొట్టేలుకు రెక్కలు మొలిచాయి. అది నల్లమల మీద ఎగురుకుంటూ రాక్షసులను కుమ్ముతుంది. కథల యాప్‌లో వారానికో భాగం చొప్పున రాస్తుంటే జనం ఎగబడి చదివారు. "సూపర్ అన్నా", "నెక్స్ట్ పార్ట్ ఎప్పుడన్నా" అని రాసేవాళ్లు కొల్లలు. అక్షరం అక్షరం పట్టి చదివి, తప్పు పట్టింది మాత్రం ఈ ఒక్క పిల్లే.

మొదట్లో కోపమొచ్చింది. తర్వాత ఆమె కామెంటు రాకపోతే అన్నం సయించడం మానేసింది. దీనికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు, ప్రేమే. మొహం కూడా చూడకుండా ఫిజిక్సును ప్రేమించిన మగవాడు ఆ జిల్లాలో అతనొక్కడే అయుంటాడు.

ఈ సభకు అతన్ని ఎందుకు పిలిచారో కూడా చెప్పుకోవాలి. పడమటి ప్రకాశం సైన్స్ ఫిక్షన్ సంఘానికి అధ్యక్షుడు రంగయ్య మాస్టారు, రిటైరైన సైన్సు టీచరు. కార్యదర్శి ఆయన కూతురు హేమలత, గిద్దలూరులో జూనియర్ కాలేజీ ఫిజిక్సు లెక్చరరు. సభ్యులంటారా, ఆ ఇద్దరి మొహమాటానికి చేరినవాళ్లు కొందరు. మొదటి మహాసభ పెడదామని పట్నం రచయితలను పిలిస్తే, ఒకాయన మార్కాపురానికి విమానముందా అని అడిగాడు, ఇంకొకాయన ఫోనే ఎత్తలేదు. హాలు నిండాలంటే పాఠకులున్న రచయిత కావాలి. గత్యంతరం లేక, ముక్కు మూసుకుని, ఫాంటసీ రచయితను పిలిచారు. 'ఫాంటసీ మేలా, సైన్స్ ఫిక్షన్ మేలా' అని కేశవకూ హేమలతకూ చర్చ పెట్టారు.

కేశవ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చింది మాత్రం చర్చకు కాదు. కార్డులో హేమలత పేరు చూసి, తన 'హేమ ఫిజిక్స్' ఈమేనేమోనన్న ఆశతో. శ్రావణం రాగానే మొదటి ఆదివారం పొదిలిలో పెళ్లిచూపులని వాళ్లమ్మ ఖాయం చేసి పెట్టింది. ఆమె లెక్కలో, పిల్ల ఇంట్లో లడ్డు కొరికితే ఒప్పుకున్నట్టే. ఈ రోజు హేమకు మనసులో మాట చెప్పకపోతే ఇక బతుకంతా పొదిలి పాలే.

"అట్ల దిక్కులు చూస్తారేంది? లోపలికి పదండి," అంది హేమ.

అతను చూస్తున్నది దిక్కులు కాదు, గేటు మీద ఫ్లెక్సీని. ఎర్రటి పట్టు రంగు నేపథ్యం, పైన రాలుతున్న గులాబీ రేకులు, రెండు బంగారు వలయాల్లో పక్కపక్కనే కేశవా హేమా నవ్వుతున్నారు. సైన్స్ ఫిక్షన్ సభ అన్న ముక్క కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది.

హేమ మొహం కందిపోయింది. "ఫ్లెక్సీ షాపు పౌలన్న చేసిన నిర్వాకం. ఆయన దగ్గరుండేది రెండే డిజైన్లంట. ఒకటి పెళ్లిది, ఒకటి పుట్టినరోజుది. పుట్టినరోజు దాంట్లో ఒక్క ఫోటోకే చోటుందంట. మార్చమంటే, రెండు రోజులైంది కట్టి, ఇప్పుడేంది అంటాడు."

"బాగనే ఉంది గదండీ," అన్నాడు కేశవ, ఫోన్ తీసి ఫోటో తీసుకుంటూ.

"ఎందుకది?"

"సాక్ష్యానికి. మీరు సాక్ష్యం లేందే ఏదీ నమ్మరు గదా."

ఆమె నవ్వాపుకోవడానికి మైకు వైరును అవసరానికి మించి చుట్టింది.

సభ తొమ్మిదిన్నరకని కార్డులో వేశారు. పదైనా మొదలు కాలేదు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం మరి. కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణించే యంత్రం గురించి ప్రసంగించవలసిన వక్త, రాహుకాలం దాటడం కోసం బుద్ధిగా కుర్చీలో కూర్చుని ఎదురు చూశాడు.

"మీరు సైన్సు మాస్టారు గదా, రాహుకాలమేంది సార్?" అని ఎవరో అడిగారు.

"నాకు దాని మీద నమ్మకం లేదు," అన్నాడు రంగయ్య మాస్టారు గంభీరంగా. "దానికి నా మీద ఉందేమో. ఎందుకొచ్చిన తంటా?"

పదిన్నర దాటాక జ్యోతి వెలిగించి, పసుపు కుంకాలు చల్లి, కొబ్బరికాయ కొట్టి విజ్ఞానశాస్త్రానికి స్వాగతం పలికారు. తర్వాత శాలువాలు. అధ్యక్షుడికి శాలువా, అధ్యక్షుడికి కప్పినాయనకు శాలువా, హాలు ఇచ్చినాయనకు శాలువా. ఆషాఢమాసం కాబట్టి పెళ్లిళ్లు లేక హాలు దాదాపు ఊరికే ఇచ్చాడు పాపం. ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడు, రాకెట్టును కనిపెట్టింది మన తాతలేనని, వీలైతే వచ్చే ఏడాది రోడ్డు కూడా వేయిస్తానని చెప్పి, శాలువాతో సహా వెళ్లిపోయాడు. రోబోల గురించి మాట్లాడవలసినాయన ప్రసంగం సమయాభావం వల్ల రద్దయింది.

చివరికి చర్చ మొదలైంది. హేమ ముందుగా తను రాసిన కథ ఒకటి చెప్పింది. అందులో గ్రహాంతరవాసులు నీళ్లు వెతుక్కుంటూ భూమ్మీదికొచ్చి, దారి తప్పి పుల్లలచెరువు అనే ఊళ్లో దిగుతారు. అక్కడ బిందెలు కొనుక్కుని, ట్యాంకరు కోసం వరుసలో నిలబడి, వంతు రాక, ఈ గ్రహంలో నీళ్లు లేవని తేల్చుకుని వెనక్కి పోతారు. హాలంతా చప్పట్లు. పుల్లలచెరువు నుంచి వచ్చినవాళ్లు మాత్రం ఇందులో కల్పనేముందని గుసగుసలాడుకున్నారు.

"చూసినారా? ఇది జరగడానికి వీలున్న కథ," అంది హేమ. "పొట్టేలుకు రెక్కలు రావడానికి వీలుందా?"

"వీలున్నదే రాయాలంటే కరెంటు బిల్లు రాసుకోవచ్చు గదండీ!" అన్నాడు కేశవ.

ఈసారి చప్పట్లు అతనికి. హేమ కళ్లెర్రజేసింది. ఆ ఎరుపులో సగం నవ్వేనని కేశవకు తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే రేకుల మీద టపటపమని చప్పుడు. "వానరా!" అన్నారెవరో. అంతే, హాలు హాలంతా లేచి బయటికి పరుగెత్తింది. ఆ పక్క జనం వానొస్తే లోపలికి రారు, చూడడానికి బయటికి పోతారు. అధ్యక్షుడు కూడా శాలువా ఎగ్గట్టి పరుగెత్తాడు. వేదిక మీద వాళ్లిద్దరే మిగిలారు.

కిటికీలోంచి కమ్మటి మట్టివాసన వచ్చింది. హేమ నుదుటి మీద వెంట్రుక ఒకటి గాలికి ఎగిరింది. దానికి రెక్కల అవసరం రాలేదు.

"హేమగారూ, మీతో ఒక మాట చెప్పాల," అన్నాడు కేశవ.

"చెప్పండి. వాన ఆగితే మళ్లీ అందరూ వచ్చేస్తారు."

"ఆ పొట్టేలు సంగతి కాదు..."

వాన ఆగింది. ఈ సీమలో వాన ప్రేమికులకు ఇచ్చే గడువు అంతే. జనం లోపలికి వచ్చారు. వాళ్లను తోసుకుంటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ కేశవ తల్లి వెంకటలక్ష్మమ్మ కూడా వచ్చింది. ఆమె వెనక మేనమామ పోలయ్య నెత్తిన ఇత్తడి బిందెతో, పిన్ని యల్లమ్మ చేతిలో పట్టుచీర సంచితో, ఇంకా రెండు ఆటోల చుట్టాలు.

"ఆషాఢంలోనా రా!" అంటూ వెంకటలక్ష్మమ్మ శోకం అందుకుంది. "ప్రేమించినావు, పోనీలే. అమ్మకు చెప్పకుండా చేసుకుంటున్నావు, అదీ పోనీ. ఎవురన్నా ఆషాఢంలో తాళి కడతారా రా, నాయనా!"

"ఏందమ్మా, తాళేంది?"

పోలయ్య బిందె దించి ఫోన్ చూపించాడు. అందులో ఫ్లెక్సీ. రాచర్ల ఆటో డ్రైవరు ఒకడు ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టాడంట. "రెండు రోజుల నుంచి ఊరంతా తిరుగుతాంది. మాకేమో పొద్దున తెలిసె," అన్నాడు పోలయ్య. "కోపం కోపమే, చదివింపు చదివింపే. వట్టిచేతుల్తో రాలేం గదా, అందుకే బిందె తెచ్చినాం."

"కన్నతల్లిని రా! బొట్టు పెట్టి పిలిచే దిక్కు లేకపాయ! ఫ్లెక్సీ చూసుకుని రావాల్సొచ్చె నా కొడుకు పెళ్లికి!" అని ఆమె ముక్కు చీదింది.

హేమే మైకు అందుకుంది.

"పెద్దమ్మా, ఏడవొద్దు. ఇది పెళ్లి కాదు. మేమిద్దరం ఊరికే వాదించుకుంటున్నాం, అంతే."

"పెళ్లంటే మరి ఏందనుకున్నావమ్మా?" అంది వెంకటలక్ష్మమ్మ.

హాలు గొల్లుమంది. శాలువాలు కప్పుకున్నవాళ్లు కూడా నవ్వారు.

పోలయ్య ఫ్లెక్సీ కింద ఉన్న చీమతలకాయ అక్షరాలు పెద్దవి చేసి చదివి వినిపించాక గానీ ఆమె నమ్మలేదు. నమ్మాక మొహం తేటపడింది. "కాదంటే మంచిదేలే. నాకు ప్రాణం లేచొచ్చె. పొదిలి వాళ్లకు మాటిచ్చి ఉన్నా. శ్రావణం మొదటాదివారం పెళ్లిచూపులు. రా నాయనా, ఇంటికి పోదాం."

"పొదిలా?" అంది హేమ. మెల్లగానే అంది. మైకు ఆమె చేతిలోనే ఉండడంతో ఆ మాట హాలంతా వినిపించింది.

కేశవ ఆమె మొహం చూశాడు. ఫిజిక్సు ఏమీ మిగల్లేదు ఆ మొహంలో. గొర్రెలకు సూది వేసేటప్పుడు తడబడితే రెండు ప్రాణాలకూ నొప్పేనని అతనికి తెలుసు. ఇంకో మైకు తీసుకున్నాడు.

"అమ్మా, నేను పొదిలికి రాను. ఈమె ఏడాదిగా నా రాతల్లో తప్పులు పడతాంది. నేను కూడా ప్రతి వారం ఒక తప్పు కావాలనే రాసినా. తప్పు లేకపోతే ఈమె కామెంటు పెట్టదేమోనని భయం. హేమగారూ, మీరంటే నాకు ఇష్టం. పెళ్లంటూ చేసుకుంటే మిమ్మల్నే చేసుకోవాలని ఉంది. దీనికి లెక్కలేమీ అడగొద్దు, నా దగ్గర లేవు."

"కావాలని రాసినారా?" అంది హేమ. ఆమె కళ్లు నిండిపోయాయి, అయినా పట్టు వదల్లేదు. "చెరువులో మంచుగడ్డ మునిగిపోయిందని రాసింది కూడానా?"

"అదొక్కటి నిజంగా తెలియకనే రాసినానండీ. మా పక్క అన్ని నీళ్లు ఒక్కచోట చూసిందెప్పుడు?"

నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చేశాయి హేమకు. తండ్రి వైపు చూసింది. ఊరూరా తిరిగి, పిల్లల ఇష్టమే పెద్దల ఇష్టమని ఉపన్యాసాలిచ్చిన మనిషి రంగయ్య మాస్టారు. చొక్కా జేబు సవరించుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, గోడ గడియారం చూశాడు. రాహుకాలం ఎప్పుడో దాటిపోయింది. ఏ సాకూ దొరకలేదు.

"నీ ఇష్టం తల్లీ," అన్నాడు. ఆ మాట ఈసారి ఉపన్యాసంలో మాదిరి రాలేదు.

హేమ మైకు ఆపి బల్ల మీద పెట్టింది. జ్యోతి పక్కన పళ్లెంలోంచి కుంకుమ తీసుకుని వేదిక దిగింది. జనం పక్కకు జరిగి దారిచ్చారు. నేరుగా వెంకటలక్ష్మమ్మ ముందుకు వెళ్లి, ఆమె నుదుట నిండుగా బొట్టు పెట్టి, వంగి కాళ్లకు దండం పెట్టింది.

"శ్రావణం మొదటాదివారం మీరు మా ఇంటికి రావాల అత్తా," అంది. "బొట్టు పెట్టి పిలుస్తున్నా. పొదిలికి పోవద్దు."

వెంకటలక్ష్మమ్మ ఆ పిల్లను కిందినుంచి పైదాకా చూసింది. కొడుకు వైపు చూసింది. వాడు మైకు వైరు కాళ్లకు చుట్టుకుని, కదల్లేక నిలబడి ఉన్నాడు.

"ఆషాఢంలో అవునని చెప్పకూడదమ్మా," అంది ఆమె. "అందుకే నేనేం చెప్పడంలే." అని, యల్లమ్మ చేతిలో సంచి లాక్కుని, పట్టుచీర తీసి హేమ చేతుల్లో పెట్టింది.